చూడకుండానే ‘మామూలు’ అని రాశాను

ముప్ఫై ఏళ్ళకు పైగా స్కాన్ గదిలో కూర్చున్నాను. నేను రాసిన రిపోర్టుల్లో తప్పులెన్నో నాకు తెలియదు. తప్పుడు రిపోర్టు చాలాసార్లు మన దగ్గరికి తిరిగి రాదు. రోగి ఇంకో డాక్టరును వెతుక్కుంటాడు, మనం మంచి పేరుతోనే రిటైరవుతాం. ఇప్పుడు చెప్పబోయేది తిరిగొచ్చిన ఒక రిపోర్టు సంగతి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. ఎవరి పేర్లూ పెట్టలేదు. అవతలివాళ్ళ పేర్లు చెప్పే హక్కు నాకు లేదు. నా పేరు చెప్పుకునే ధైర్యం చాల్లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజులవి. సికింద్రాబాద్‌లో ఓ మోస్తరు పెద్ద ఆసుపత్రి మాది. కార్ఖానా బస్తీ వైపు నుంచీ మౌలాలి కాలనీల నుంచీ జనం వచ్చేవాళ్ళు. అల్ట్రాసౌండ్ మెషీన్ అప్పటికి ఊరికి కొత్త కాదు గానీ, పసిబిడ్డల పొట్టను దాంతో చూడడం కొత్త.

ఏం చూస్తామో రెండు ముక్కల్లో చెబుతాను. పొట్ట చివర, పేగు మొదలయ్యేచోట ఉంగరంలాంటి కండరం ఉంటుంది. దాన్ని పైలోరస్ అంటాం. కొందరు బిడ్డల్లో, ఎక్కువగా తొలిచూలు మగపిల్లల్లో, పుట్టిన మూడు నాలుగు వారాలకు ఆ కండరం మందమై దారి మూసుకుపోతుంది. బిడ్డ ఆత్రంగా పాలు తాగుతాడు, చిమ్మనగొట్టంతో కొట్టినట్టు అంతా కక్కేస్తాడు, వెంటనే మళ్ళీ ఆకలికి ఏడుస్తాడు. కనిపెడితే చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతుంది. కనిపెట్టకపోతే బిడ్డ రోజురోజుకూ ఎండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అంతకుముందు బేరియం మందు పట్టించి ఎక్స్‌రేలో చూసేవాళ్ళం. స్కాన్‌తో అయితే ఆ కండరాన్నే నేరుగా చూసి కొలవొచ్చు. మూడు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి.

ఆ విద్య నేర్చుకోవడానికి బొంబాయిలో రెండు వారాలు ఉండి వచ్చాను. వచ్చాక వారం రోజులు కనిపించినవాళ్ళందరికీ దాని గురించి చెప్పాను. డాక్టర్లకు చెప్పాను, నర్సులకు చెప్పాను, స్కాన్ గదిలో పనిచేసే ఆయమ్మకు కూడా బల్ల మీద బొమ్మను పడుకోబెట్టి చూపించాను. “బిడ్డ ఖాళీ కడుపుతో ఉంటే కనబడదు. కొంచెం గ్లూకోజు నీళ్ళు పట్టాలి. కుడి పక్కకు తిప్పాలి. ఓపిగ్గా పది నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలి” అని పాఠం చెప్పాను. ఆయమ్మ శ్రద్ధగా విన్నది. ఆమె శ్రద్ధగా వింటోందని అప్పుడు సంతోషించాను కూడా.

రిపోర్టుల సంగతీ చెప్పాలి. రోజుకు నలభై యాభై కేసులు, టైపిస్టు ఒక్కడు. అందుకని నేనొక ఉపాయం చేశాను. లివర్ మామూలు, గాల్‌బ్లాడర్ మామూలు, కిడ్నీలు మామూలు అని ఇంగ్లీషులో ముందే స్టెన్సిల్ కోయించి, వందలకొద్దీ ఫారాలు సైక్లోస్టైల్ చేయించాను. తేడా ఉన్నచోట కొట్టేసి చేత్తో రాయాలి. తేడా లేకపోతే పేరూ వయసూ నింపి సంతకం పెట్టడమే. బొంబాయి నుంచి వచ్చాక పసిపిల్లలకు వేరే ఫారం వేయించాను. ‘పైలోరస్ కండరం మందం, పొడవు: మామూలు’ అని అందులో ఒక వరుస చేర్చాను. ఊళ్ళో ఇంకెవరి ఫారంలోనూ ఆ వరుస ఉండదని నాకు గొప్ప.

మా టైపిస్టు బేగంపేట కుర్రవాడు, నోరు ఊరుకోదు. కొత్త ఫారాల కట్ట విప్పుతూ, “సార్, మన దగ్గర పేషెంట్ రాకముందే నార్మల్. ఇంత మంచి హాస్పిటల్ యాడుంటది?” అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఆ సోమవారం పొద్దున బయట బెంచీల మీద పదిమంది గర్భిణీలు ఉన్నారు. అప్పటి మెషీన్లలో కడుపులో బిడ్డ సరిగా కనబడాలంటే తల్లి మూత్రసంచి నిండుగా ఉండాలి. అందుకని చెంబులకొద్దీ నీళ్ళు తాగించి కూర్చోబెట్టేవాళ్ళం. ఇక ఎవరి పొట్ట చూడాలన్నా పరగడుపున రావాలి. ఈ రెండు నియమాలూ తలుపు పక్కన బోర్డు మీద నేనే రాయించాను. గర్భిణీల తగువు లోపలికి వినబడుతూనే ఉంది.

“ఇంకెంతసేపమ్మా? ఇగ నాతోని కాదు.”

“జెర ఓర్చుకో తల్లీ. ఇప్పుడు పోయినవంటే మళ్ళ నాలుగు చెంబులు తాగాలె,” అంటోంది ఆయమ్మ.

“మీ డాక్టరు సాబును తాగమను నాలుగు చెంబులు. తాగి గీ బెంచి మీద కూసోమను. గప్పుడు ఉరుకులాడుకుంట చేస్తడు.”

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. కోపమొస్తే నా చెయ్యి ఇంకా వేగంగా ఆడేది.

ఆ గోలలో ఆరు వారాల మగబిడ్డ వచ్చాడు. తొలిచూలు బిడ్డ. చీటీ రాసింది మా పిల్లల డాక్టరమ్మ. కోస్తా జిల్లాల నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం ఆమెది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, రిటైర్మెంటుకు దగ్గరలో ఉంది. ‘చిమ్మినట్టు వాంతులు. పొట్టలో ఏదో తగిలినట్టుంది? పైలోరస్ చూడగలరు’ అని రాసి, ‘తగిలినట్టుంది’ దగ్గర పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది. బిడ్డతో తల్లి, ఆమె అత్తగారు వచ్చారు. గది ఇరుకు, ఒక్కరే ఉండాలన్నది ఇంకో నియమం. ఆ అత్తగారు ఏదో చెప్పబోతుంటే బయట కూర్చోమన్నాను.

బోర్డు మీద రాసినట్టే బిడ్డకు నాలుగు గంటల నుంచి పాలివ్వలేదు. ఆకలికి ఏడ్చి ఏడ్చి గాలి మింగాడు. పొట్ట ఉబ్బి ఉంది. అల్ట్రాసౌండ్‌కు గాలి గోడలాంటిది, దాని వెనక ఏమున్నా కనబడదు.

“సార్, గ్లూకోజు నీళ్ళు తేనా?” అంది ఆయమ్మ. “బొంబాయి నుంచి వచ్చినప్పుడు మీరే చెప్పిన్రు గద.”

“ఇప్పుడు అంత టైము లేదు,” అన్నాను.

పసిపిల్లల పొట్ట మీద ఆనించడానికి తెప్పించిన చిన్న ప్రోబు అలమరలో ఉంది. తీసి, తగిలించి, మెషీన్ సరిచెయ్యడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్ళ ప్రోబుతోనే కానిచ్చాను. లివర్ చూశాను, కిడ్నీలు చూశాను. పైలోరస్ ఉండాల్సిన చోట తెల్లటి పొగమంచులాంటిది తప్ప ఏమీ లేదు. ఒకసారి ప్రోబు ఒరిగించి చూశాను. అదే పొగ. నిజంగా మందంగా ఉండి ఉంటే ఎంత గాలి ఉన్నా కనబడేది కదా, కనబడలేదంటే లేనట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. అంతా కలిపి మూడు నిమిషాలు. ఫారం మీద బిడ్డ వయసు నింపి సంతకం పెట్టాను. నేను చేర్పించిన ఆ వరుసను కొట్టెయ్యలేదు.

ఆ తల్లి బిడ్డ పొట్ట మీది జెల్లీని కొంగుతో తుడుస్తూ, “ఏమున్నది సార్?” అని అడిగింది.

“ఏమీ లేదమ్మా. పాలు ఎక్కువవుతున్నాయేమో. కొంచెం కొంచెం పట్టు.”

ఆ రెండో మాట నన్నెవరూ అడగలేదు. పాలు ఎంత పట్టాలో చెప్పడం నా పనీ కాదు. వెళ్ళిపోయేవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలన్న అలవాటు కొద్దీ అన్నాను.

ఆరు రోజులు గడిచాయి. ఆదివారం స్కాన్ గదిలో నా డ్యూటీ. టేబుల్ మీద ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

“నాయనా, ఒకసారి పైకి రా. నీ పసివాడు మళ్ళీ వచ్చాడు.”

నీ పసివాడు అన్నదెందుకో మెట్లెక్కేదాకా అర్థం కాలేదు. మంచం మీద ఉన్నవాడు వారం కిందటి బిడ్డలా లేడు. కళ్ళు లోపలికి పోయాయి. మాడు గుంటపడింది. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడిపోయింది. ఏడుపు కూడా పిల్లి కూతలా సన్నగా ఉంది.

“చెయ్యి పెట్టి చూడు,” అంది ఆమె. బొడ్డుకు కొంచెం పైన, కుడివైపు, నా వేలి కింద గట్టిగా ఏదో జారింది.

“పుస్తకాల్లో ఆలివ్ కాయంత అంటారు. ఆలివ్ కాయ నేనేనాడూ చూళ్ళేదు. నాకు తెలిసింది రేగ్గాయి. ఆ సోమవారం కూడా ఒక్కసారి తగిలింది, మళ్ళీ దొరకలేదు. నా వేలు ఉందంది, నీ కాగితం లేదంది. నేను కాగితాన్ని నమ్మి పాలు తాగాక భుజాన వేసుకోమని ఇంటికి పంపాను నాయనా.”

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బావుండేది.

బిడ్డను కిందికి తెచ్చారు. ఈసారి నాయనమ్మ ఎత్తుకుంది. తల్లి నాలుగడుగుల వెనక, ఎవరో పరాయి మనిషిలా నడిచింది. చిన్న ప్రోబు తగిలించాను. ఆయమ్మ నేను అడక్కుండానే గ్లూకోజు నీళ్ళు తెచ్చింది. చెంచాతో కొంచెం పట్టి, కుడి పక్కకు తిప్పి కనిపెట్టుకుని కూర్చున్నాం. తెర మీద నీళ్ళు కడుపులో నల్లగా నిండాయి. అల కదిలి వచ్చింది, కండరం దాకా వచ్చింది, ఆగి వెనక్కి తిరిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిరిగింది. ఒక్క బొట్టు అవతలికి పోలేదు. రెండు నల్లటి చారలు మందమైన కండరం, మధ్యలో సన్నటి తెల్లగీత మూసుకుపోయిన దారి. బొంబాయిలో చూపించిన బొమ్మ ఇంతకంటే స్పష్టంగా లేదు. కొలిచాను. ఐదు మిల్లీమీటర్లు.

ఆపరేషన్ వెంటనే చెయ్యడానికి లేదు. వాంతులతో ఒంట్లో లవణాలన్నీ పోయాయి. సెలైన్ ఎక్కించి వాటిని సరిచేశాకే మత్తు ఇవ్వాలి. రెండు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు రోజులు నేను ఒకచోట కూర్చున్నది లేదు. స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య పైకి వెళ్ళి తలుపు అద్దంలోంచి చూసేవాణ్ణి. ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు పోయి చాయ్ చెప్పి, అది రాకముందే లేచి వచ్చేవాణ్ణి. ఆ మొదటి రోజు తీసిన ప్రింటు కోసం పాత కట్టలన్నీ విప్పాను. దొరికింది. ఎంత తిప్పి చూసినా అందులో పైలోరస్ లేదు. మందంగా ఉన్నది లేదు, సన్నగా ఉన్నది కూడా లేదు. గాలి ఉంది.

మా సర్జను మంచివాడు. నా మొహం చూసి, “ఎందుకయ్యా అంత బాధపడతావు? అప్పటికి ముదిరి ఉండదు. వారంలో పెరిగి ఉంటుంది. అట్లా జరిగిన కేసులు ఉన్నాయి,” అన్నాడు.

నిజమే, ఉన్నాయి. దాన్ని పట్టుకున్నాను. ఆ మధ్యాహ్నమే బిడ్డ తండ్రి నన్ను వరండాలో ఆపాడు. కార్ఖానాలో లారీలకు బాడీ కట్టే షెడ్డులో వెల్డింగు పని అతనిది. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు.

“సార్, పోయిన సోమారం ఏం లేదంటిరి. ఇప్పుడు ఉన్నదంటున్రు. గిదేంది సార్?”

“అప్పుడు లేదు. ఈ వారంలో పెరిగింది. అట్లా అవుతుంటుంది,” అన్నాను.

“అట్లనా సార్. మంచిది,” అని తల ఊపి వెళ్ళిపోయాడు. నేను రెండోసారి అబద్ధం చెప్పింది అప్పుడు. మొదటిది కాగితం మీద.

ఆ సాయంత్రం వార్డు తలుపు దగ్గర నిలబడితే లోపలి మాటలు వినబడ్డాయి. నాయనమ్మ కోడలితో అంటోంది.

“విన్నవా? మొదలు లేకుండెనట. డాక్టరు కొంచెం కొంచెం పట్టమన్నడు. నువ్వు వాడు ఏడ్సినప్పుడల్ల ఒళ్ళె ఏసుకుంటివి. కుక్కి కుక్కి పట్టిస్తివి. గందుకే లోపట గట్టిపడ్డది.”

కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇది ఆ రోజు మొదలైంది కాదని డాక్టరమ్మ చెప్పింది. మొదటి రిపోర్టు ఇంటికి చేరిన నాటి నుంచీ ఇదే పాట. పక్కింట్లో చదువుకున్నవాళ్ళెవరో ఇంగ్లీషు కాగితం చదివి, బిడ్డకు ఏ జబ్బూ లేదని చెప్పారట. జబ్బు లేకపోతే మరి వాంతులెందుకు? తల్లికి పాలు పట్టడం రాదు. ఆమె పాలు మాన్పించి రెండు రోజులు డబ్బా పాలు పట్టారు. దిష్టి తీశారు. ఇంట్లో వాళ్ళ వాదులాటతోనే మూడు రోజులు పోయాయి. ఆ మూడు రోజుల్లోనే బిడ్డ అంత దిగజారాడు.

“ఆ పిల్ల దగ్గర కూర్చుని నా తప్పు నేను చెప్పుకున్నాను,” అంది డాక్టరమ్మ. “చేతికి తగిలినా వదిలేశానమ్మా అన్నాను. నువ్వు చెప్పిందేమో వేరేగా ఉంది. ఆ రోజు లేదా, నీకు కనబడలేదా?”

“కనబడలేదు మేడమ్.”

“నాతో చెప్పి ఏం లాభం నాయనా?”

మెట్లు దిగాను. డాక్టర్ల మీద వినియోగదారుల కోర్టుల్లో కేసులు వేయొచ్చన్న మాట అప్పుడప్పుడే గట్టిగా వినబడుతోంది. ఆ భయం ఉంది. కానీ నిజం చెప్పాలంటే అంతకంటే పెద్దది ఇంకోటుంది. బొంబాయి వెళ్ళి నేర్చుకొచ్చినవాడు కూడా ఇంతేనా అని ఎవరైనా అంటారేమోనని. ఒక బిడ్డ పైన సెలైన్‌తో పడుకుని ఉంటే, నేను ఆలోచించింది అది.

ఆపరేషన్ బాగా జరిగింది. కండరాన్ని నిలువుగా కోసి విడదీశారు, అరగంట పట్టలేదు. సాయంత్రం కొంచెం గ్లూకోజు నీళ్ళు పట్టారు, నిలిచాయి. మర్నాడు పొద్దున తల్లి పాలు మొదలుపెట్టమన్నారు. నేను వెళ్ళేసరికి మంచం చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఏదో అయిందనుకున్నాను.

ఏమీ కాలేదు. బిడ్డ తాగిన కొంచెం పాలలో కొంచెం కక్కాడు. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు అలా అవుతుంది. నర్సు అదే చెబుతోంది. కానీ నాయనమ్మ నోటి నుంచి అప్పటికే మాట వచ్చేసింది. “మళ్ళ షురూ చేసినవా?” తల్లి బిడ్డను మంచం మీద పెట్టేసి, గోడకు ఆనుకుని నిలబడింది.

“తీసుకోమ్మా, పట్టాలి,” అంటోంది నర్సు.

“నేను పట్టియ్య. మీరే పట్టియ్యున్రి. సీసాతోని పట్టియ్యున్రి.”

“నీ బిడ్డే కదమ్మా.”

“నా చెయ్యి తాకితె కక్కుతుండు. మల్ల ఏదన్న అయితె నన్నే అంటరు. నేను ముట్ట.”

ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది. రవిక ముందు పాలతో తడిసి ఉంది. బిడ్డ ఆకలికి ఏడుస్తున్నాడు. ఎవరూ నా వైపు చూడడం లేదు, చూడాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. నిజానికి ఒక అడుగు వేశాను కూడా.

“ఆగండమ్మా,” అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. “ఆ సోమవారం స్కాన్‌లో ఆ కండరం నాకు కనబడలేదు. కడుపు నిండా గాలి ఉంది. చూడకుండానే బాగుందని రాశాను. అప్పుడు లేదు, తర్వాత పెరిగిందని మొన్న మీవాడితో చెప్పిందీ నిజం కాదు. అప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. డాక్టరమ్మ చేతికి తగిలిందంటే ఉండే ఉంటుంది. పాలకూ దీనికీ సంబంధం లేదు. తల్లి ఎంత పట్టినా, ఎట్లా పట్టినా, ఎవరు పట్టినా ఇది వచ్చేదే. పాలు తగ్గించమని నేనన్నది కూడా తప్పే.”

తండ్రి ముందుకు వచ్చాడు.

“గట్లెట్ల రాస్తరు సార్?” గొంతు పెంచలేదు. “వెల్డింగు అతుక్కుందో లేదో సూడకుంట, అతుక్కుందని మేం బండి పంపిస్తమా? తోలెటోడు సస్తడు సార్.”

అతను నా చొక్కా పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకోలేదు. కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

నాయనమ్మ నేల మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

“నా పెద్దోడు సుత గిట్లనే కక్కి కక్కి పోయిండు సారూ. గీ కొడుకుకన్న ముందటోడు. నలభై దినాలు సుత నిండలే. మా అత్త నా పాలు ఇసమన్నది. నలభై ఏండ్ల సంది నేను గదే అనుకున్న.”

“ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుందమ్మా. ఆ మాట మాకు చెప్పి ఉంటే...”

“చెప్దమనే ఆ దినం లోపటికొచ్చిన. బయట కూసోమంటివి గద.”

కోడలు మొదటిసారి అత్త మొహం వైపు చూసింది. ఆ సంగతి ఆమెకూ తెలియదని ఆ చూపులో తెలిసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“ఇప్పుడు చెప్పింది కాయితం మీద రాసియ్యున్రి సార్.”

“కాగితం ఎందుకమ్మా? అందరూ విన్నారు కదా.”

“గీ అర్రల విన్నరు. మా ఆడబిడ్డలు వినలే, వాడకట్టోళ్ళు వినలే. ఏం లేదని మీరు రాసిన కాయితం మా ఇంట్ల ఉన్నది. అందరు సదివిన్రు. గిది సుత రాసియ్యున్రి. తెలుగుల రాయున్రి.”

కిందికి వెళ్ళాను. టైపిస్టు నా మొహం చూసి కుర్చీలోంచి లేచాడు. “ఏ ఫారం పెట్టమంటరు సార్?” అని మాత్రం అడిగాడు. తెల్ల కాగితం ఇమ్మన్నాను. మెడికల్ కాలేజీలో చేరిన తర్వాత తెలుగులో ఉత్తరాలు తప్ప ఏమీ రాసినవాణ్ణి కాదు. మొదటి కాగితంలో ‘సరిగా కనబడి ఉండకపోవచ్చు’ అని రాశాను. చదువుకుని చించేశాను. రెండో దాంట్లో గాలి గురించి ఐదు వాక్యాలు వచ్చాయి, నా గురించి ఒక్కటీ రాలేదు. అదీ చించాను. మూడోది చిన్నది. ఆ రోజు పైలోరస్ కనబడలేదు, చూడకుండా మామూలుగా ఉందని నేను రాశాను, బిడ్డ జబ్బుకు తల్లి పాలు గానీ పట్టిన పద్ధతి గానీ కారణం కాదు. ఆ రోజు తేదీ వేసి, కింద సంతకం పెట్టాను.

రాసిచ్చిన సంగతి తెలిసి మా సూపరింటెండెంటు తలుపు వేసి మరీ తిట్టాడు. కోర్టు నోటీసు వస్తుందని ఏడాది పాటు పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో కాపు కాశాను. రాలేదు. ఆ ఫారాలను తర్వాత నేనే వెనక్కి తీసుకుని, ప్రతి వరుస పక్కనా ఖాళీ వదిలి కొత్తవి వేయించాను. అందుకు నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎందుకు మార్చానో వాళ్ళకు చెప్పలేదు. ఆ విషయంలో నా ధైర్యం ఆ ఒక్క కాగితంతోనే సరిపోయింది.

కాగితం తీసుకుని పైకి వెళ్ళాను. ఆమె పదో తరగతి దాకా చదువుకుందట. మంచం పక్కన నిలబడి, ముందు లోపల చదువుకుంది. తర్వాత అత్తకు వినబడేలా, ఒక్కొక్క మాటా విడిగా పలుకుతూ చదివింది. నా పేరు దగ్గర కూడా ఆగి, అది కూడా చదివింది. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. నాకు దండం పెట్టలేదు, థాంక్స్ అనలేదు. మంచం మీద కూర్చుని, బిడ్డను ఇమ్మని నర్సు వైపు చేతులు చాపింది.

వాడు తాగుతున్న చప్పుడు వినబడేదాకా ఉండి, బయటికి వచ్చాను. వెనకే నాయనమ్మ వచ్చింది. చేతిలో ఖాళీ ఫ్లాస్కు ఉంది.

“సారూ, నాకొకటి రాసిస్తవా?”

“ఏమని రాయాలమ్మా?”

“గా నా పెద్దోని గురించి. నా పాలతోని కాదని. గంతే రాయి.”

కలం ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ బిడ్డదీ ఇదే జబ్బు అని నాకు దాదాపు నమ్మకమే. కానీ వాణ్ణి నేను చూడలేదు. చూడనిదాన్ని రాసి పది రోజులైనా కాలేదు.

“నోటితో చెబుతానమ్మా. నీ పాల వల్ల కాదు. రాయమంటే మాత్రం... నేను చూడని బిడ్డ కదా.”

నేను చేసింది సరైన పనే అని చెప్పే డాక్టర్లు ఎంతమందినైనా చూపించగలను. అయినా ఆ వరండాలో నిలబడి, ఒక వాక్యం రాయడానికి నిరాకరించిన ఆ నిమిషం, మూడు నిమిషాల ఆ స్కాన్‌లాగే నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వదు.

ఆమె నా మొహంలోకి కొంచెంసేపు చూసింది.

“పోనీ తియ్యి సారూ,” అంది. “రాసినా నాకు సదువొస్తదా ఏంది.”

ఫ్లాస్కు మూత బిగించుకుంటూ, వేడినీళ్ళ కోసం మెట్ల వైపు వెళ్ళిపోయింది.